వెంట్రుకలు మొలిచిన రాయి

మా నాన్నగారు చిన్నప్పటినుంచీ నన్ను "రాయి, రాయి" అని పోరేవారు. గుమస్తా పరీక్షలు రాయమని ఆయన ఉద్దేశం. నేను నా బుద్ధికి అందినంత మేరకు విని, రాయినే పట్టుకున్నాను.

కోనసీమలో పుట్టినవాడు రాళ్ళ చదువు చదివితే ఊళ్ళోవాళ్ళకు చూపించడానికి ఏమీ ఉండదు. అమలాపురం చుట్టుపక్కల ఎంత లోతు తవ్వినా వచ్చేది ఒండ్రు, ఇసుక, మళ్ళీ ఒండ్రు. మాకు రాయి అంటే రోలు, తిరగలి, సన్నికల్లు. ఆ మూడూ ఎక్కడినుంచో పడవల మీద వచ్చినవే. కుక్క వెంటపడితే విసరడానికి రాయి దొరక్క కొబ్బరిపిందెలు విసిరిన బాల్యం మాది.

భూమి లోపలి నీళ్ళను పరీక్షించే ప్రభుత్వశాఖలో ముప్పై నాలుగేళ్ళు జియాలజిస్టుగా పనిచేశాను. ఈమధ్య కొత్తగా చేరిన పిల్లలు ఫోన్ చేసి "మీ అనుభవాలు రాయండి సార్" అంటున్నారు. ప్రమోషన్ల గురించి రాయను. రాయాలంటే అవి రావాలి కదా. ఫైళ్ళ గురించి రాయను, అవి ఇప్పటికీ కలలోకి వస్తున్నాయి. ఒక్క తప్పు గురించి రాస్తాను. మన ఉద్యోగంలో తప్పు చేస్తే రాయికేమీ కాదు. దాని పక్కన ఎవరో ఒక మనిషి ఉంటారు, వాళ్ళకవుతుంది.

రెండోవైపు

చేరిన నెలలోనే మా మొదటి పై అధికారి మూర్తిగారు నా చేతిలో ఒక రాయి పెట్టి ఏమిటో చెప్పమన్నారు. నేను దాన్ని వెలుతురుకు పట్టి, నాలుకతో తాకి, భూతద్దంలో చూసి, ఇది ఫలానా కాలపు ఇసుకరాయి అని పది నిమిషాలు ఉపన్యసించాను. ఆయన ఆసాంతం విని, నా అరచేతిలోనే దాన్ని తిరగేశారు. వెనకవైపు సిమెంటులో సగం కూరుకుపోయిన సోడాసీసా మూత ఉంది. అది కూలిపోయిన కల్వర్టు ముక్క.

"రాయికి రెండోవైపు ఉంటుందోయ్," అన్నారాయన. "అది చూసేదాకా నీకు నోరు ఉండకూడదు."

మరుసటి వేసవిలో ఆయనే నన్ను గోదావరి ఎగువన బొగ్గు గనులున్న ప్రాంతానికి తీసుకెళ్ళారు. ఒక వాగు గట్టులో చిన్నా పెద్దా రాళ్ళు బురదతో కలగలిసి గట్టిపడిన పొర కనిపించింది. అందులోంచి ఒక రాయి పెకలించి, దాని చదునైన ముఖం మీద పక్కపక్కనే సాగిన గీతలు చూపించారు.

"మంచు గీసిన గీతలివి. సుమారు ముప్పై కోట్ల ఏళ్ళ కిందట ఈ నేలంతా మంచుగడ్డ. అది మెల్లగా జరుగుతూ, అడుగున ఇరుక్కున్న రాళ్ళను ఈడ్చుకుపోయింది."

ఎండ మాడుస్తోంది. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఆ గీతల మీద పెట్టిన వేలు మాత్రం చల్లబడ్డట్టనిపించింది. నా వెనక ఏదో చాలా పెద్దది, చప్పుడు లేకుండా జరుగుతున్నట్టనిపించి తిరిగి చూశాను. ఎండ తప్ప ఏమీ లేదు.

ఆ గీతలు నా తలలో ఉండిపోయాయి. ముప్పై ఏళ్ళ తరవాత నేను బోల్తాపడింది వాటివల్లే.

ఉప్పుతొట్టి

రిటైరవడానికి ఏడాది ముందు సంగతి. సముద్రపు ఉప్పు ఊళ్ళలోకి ఎంత దూరం చొచ్చుకొచ్చిందో తేల్చడానికి బోరునీళ్ళు సీసాల్లో పట్టుకుంటూ సఖినేటిపల్లి దిగువన తిరుగుతున్నాను. చేపల వేట మీద నిషేధం ఉన్న నెలలు. మగవాళ్ళు అరుగుల మీద వలలు బాగుచేసుకుంటున్నారు. నిషేధం ఎత్తేయడానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది.

ఒక ఇంటి ముందు పంపు కొడుతుంటే, ఆ ఇంటి పెద్దావిడ చిట్టెమ్మగారు గుమ్మంలోంచి అడిగింది.

"మీరు నీళ్ళ ఇంజనీరాండి, రాళ్ళ ఇంజనీరాండి?"

"చదివింది రాళ్ళు, చేసేది నీళ్ళు," అన్నాను.

"అయితే ఒక్కసారి లోపలికి రావాలండి. రాయి ఒకటుంది. అది నీళ్ళు తాగేస్తందండి."

పెరట్లో చేపలు ఊరబెట్టే సిమెంటు తొట్టి ఉంది. ఉప్పులో ఊరే చేపల మీద చెక్క పరిచి, పైన బరువు పెడతారు. ఆ బరువే ఈ రాయి. కొబ్బరికాయంత ఉంటుంది. ఆవిడ కోడలు నూకరత్నం రొయ్యల చెరువు తవ్వకంలో పనికి వెళ్ళినప్పుడు, పొక్లెయిను ఎత్తిపోసిన మట్టిలో దొరికిందట. రాయి దొరకని ఊళ్ళో రాయి దొరికితే ఎవరు వదులుతారు? కొంగులో కట్టుకుని తెచ్చుకుంది.

"మంచిపనే కదమ్మా," అన్నాను.

"మిట్టమధ్యాహ్నం దాకా ఉండి చూడండి బాబూ."

ఉన్నాను. రాయిని తొట్టిమీంచి దింపి ఎండలో పెట్టారు. చుట్టూ ఇంట్లోవాళ్ళు, గోడవతల పక్కింటివాళ్ళు. పన్నెండు దాటేసరికి వలలు కుట్టేవాళ్ళు కూడా చేతులాపారు. అప్పుడు వినిపించింది. సన్నగా, గోటితో పంటి మీద కొట్టినట్టు, టిక్కుమని ఒకసారి. కాసేపటికి రెండుసార్లు. తరవాత రాయి లోపల ఎవరో ఒక చివరనుంచి ఇంకో చివరికి నడుచుకుంటూ పోతున్నట్టు వరసగా.

వంగి చూశాను. రాయి మీద తెల్లటి వెంట్రుకలు మొలుస్తున్నాయి. ఒక్కోటి గోరు పొడవు, చివర కొద్దిగా వంకర. నూకరత్నం గుడ్డతో తుడిచేసింది.

"రేపు మళ్ళీ వచ్చేస్తాయండి," అంది మెల్లగా. "రోజూ ఇంతేనండి. ముసలమ్మ తల దువ్వినట్టుంటాది."

నాకు భయం వేయలేదని రాస్తే మీరు నమ్మరు, నేనూ నమ్మను. అయితే బుర్ర పనిచేసింది. రాయిలో సన్నటి రంధ్రాలున్నాయి, అవి తొట్టిలోని ఉప్పునీళ్ళు తాగుతున్నాయి, ఎండలో నీళ్ళు ఆరి ఉప్పు బయటికి వెంట్రుకల్లా పెరుగుతోంది, లోపల గట్టిపడే ఉప్పు చిటపటలాడుతోంది. అదే చెప్పాను.

చిట్టెమ్మగారు ఓపిగ్గా విని, "ఆయ్, ఉప్పేనండి. నాకి చూసేం," అంది. "ఉప్పని మాకూ తెలుసండి. ఎక్కణ్ణుంచి వచ్చిందో అది చెప్పండి."

ఆవిడ విడమరిచి చెప్పాక గాని ఆ బాధ నాకు అర్థం కాలేదు. వాళ్ళలో ఒక పట్టింపు ఉంది. నీటిలోంచో మట్టిలోంచో తెచ్చిన వస్తువు ఇంట్లో కదిలితే, పలికితే, దాన్ని పారెయ్యకూడదు. పుట్టినచోటికి సాగనంపాలి. అది జరిగేదాకా ఆ ఇంటి మగవాణ్ణి బోటు ఎక్కించుకోరు. చిట్టెమ్మగారి కొడుకు సత్తిబాబు పనిచేసే బోటును నడిపించే సరంగు ఆ మాట చెప్పేశాడు. నిషేధం ఎత్తిన రోజు బోటు వెళ్ళిపోతే ఆ స్థానంలోకి ఇంకొకడు వస్తాడు.

నేను రాయిని చేతిలోకి తీసుకున్నాను. ఒకవైపు చదునుగా ఉంది. దాని మీద పక్కపక్కనే గీతలు. ఆ వేలి చల్లదనం ముప్పై ఏళ్ళు దాటి తిరిగొచ్చింది. అవతలివైపంతా ఉప్పు పేరుకుపోయి ఉంది. తిరగేశాను గాని కడగలేదు. కడగని రాయిని తిరగెయ్యడం కళ్ళు మూసుకుని అద్దం చూసుకోవడమే.

"ఇది ఎగువనుంచి వచ్చింది," అన్నాను ధీమాగా. "మంచు మోసిన రాయి. అక్కణ్ణుంచి గోదావరి తెచ్చింది."

చిట్టెమ్మగారు కోడలివైపు చూసింది. ఆ చూపుకి అర్థం నేను అడగలేదు. సీసాలు సర్దుకుని వచ్చేశాను.

జొన్నాడ

పది రోజుల తరవాత నీటిపరీక్ష కాగితం ఇవ్వడానికి వెళ్ళాను. నూకరత్నం వలలు దాచే పాక చూరు కింద వేరే పొయ్యి పెట్టుకుని వండుకుంటోంది. పక్కన ఆ రాయి, కొత్త వెంట్రుకలతో.

"ఇదేమిటమ్మా?"

"ఇంట్లో పొయ్యి ముట్టుకోవద్దన్నారండి." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, అదే నన్ను కోసింది. "మీరు ఎగువనుంచి వచ్చిందన్నారు కదండి. మా పుట్టిల్లు జొన్నాడండి."

జొన్నాడ గోదావరి ఒడ్డునే, పాయ వేరైనా ఈ ఊరికి ఎగువన ఉంటుంది. నా ఒక్క మాటతో అది కోడలి పుట్టింటివైపు నుంచి ఆమె వెంట వచ్చిన రాయి అయిపోయింది. ఆమె దాన్ని తీసుకురాలేదు, అదే ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. ఆదివారంనాడు ఆమెనూ రాయినీ కలిపి జొన్నాడ పంపేస్తారట. రాయి వెళ్ళాలి కాబట్టి పంపడం. మళ్ళీ ఎప్పుడు తీసుకొస్తారో ఎవరూ చెప్పలేదు.

"సత్తిబాబు ఏమన్నాడు?"

"ఆయన మాట్టాడ్డం లేదండి. బోటు పోతే ఏం తింటాం అంటారు. నిజమే కదండి."

అప్పుడు, ఆ పాక ముందు నిలబడి, డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లవాడికి తెలిసిన విషయం నాకు గుర్తొచ్చింది. గోదావరి కోనసీమకు రాళ్ళు తేదు. కొండలు దాటి మైదానంలోకి వచ్చేసరికి నదికి అంత బలం ఉండదు, బరువులన్నీ పైనే వదిలేస్తుంది. కొబ్బరికాయంత రాయి ధవళేశ్వరం దాటి ఇంత దిగువకి నీటితో రావడం జరగదు. ఈ నేల మీద పుట్టి, కొబ్బరిపిందెలు విసిరి పెరిగినవాణ్ణి, ఆ సంగతి నేనే మర్చిపోయాను.

"నేను మళ్ళీ వచ్చేదాకా ఆగమను," అన్నాను. "ఆ చెరువు ఎక్కడో చూపించమ్మా."

చెరువులో ఇంకా నీళ్ళు పెట్టలేదు. తవ్విన గోడలో, నల్లటి ఒండ్రు మధ్య, నిలువెత్తు లోతున రాళ్ళ గుట్ట ఒకటి బయటపడి ఉంది. నది పరిచిన పొర అయితే పెద్దవీ చిన్నవీ వేరుపడి ఉంటాయి. ఇది గంప బోర్లించినట్టుంది. ఎర్రటి కణాల రాళ్ళు, పొగరంగు చెకుముకి రాళ్ళు, వేటిలోనూ మన కొండల పోలిక లేదు. చాలావాటి మీద మంచు గీసిన గీతలున్నాయి. మధ్యలో మన ఇటుకలకన్నా పలచటి, పసుపుపచ్చటి ఇటుక ముక్క ఒకటి దొరికింది.

చెరువు అడుగున గాలి లేదు. నేను ఒక్కో రాయినీ చేత్తో తుడుస్తుంటే, పైన గట్టు మీద నిలబడ్డ నూకరత్నం అంది:

"ఇక్కడ ఎవరో దిగిపోయినట్టుందండి. సామాన్లు వదిలేసి."

వెయ్యి గదులు

ఆదివారంలోపు తిరిగి తెచ్చిస్తానని మాటిచ్చి, రాయిని అమలాపురం తెచ్చి బాల్చీలో మంచినీళ్ళు పోసి వేశాను. రోజుకి రెండుసార్లు నీళ్ళు మార్చాను. ప్రతిసారీ అందులోంచి బుడగలు లేచాయి, ఒక్కోటీ తీరిగ్గా. ముప్పై ఏళ్ళుగా నా రాళ్ళతో కాపురం చేసిన మా ఆవిడ, రెండోరోజు బాల్చీ మీద పళ్ళెం మూసింది.

"మీరు తెచ్చిన రాళ్ళన్నీ నేను చూశాను," అంది. "నన్ను చూసింది ఇదొక్కటే."

నాలుగోరోజు ఉప్పంతా పోయి రెండోవైపు బయటపడింది. తేనెపట్టు. ఆరు పలకల గదులు, ఒకదాన్నొకటి ఒరుసుకుని, వందల కొద్దీ. విరిగిన అంచున చూస్తే ఒక్కో గదీ లోపలికి గొట్టంలా సాగుతోంది, అందులో అంతస్తుల్లా అడ్డంగా సన్నటి పొరలు. పగడం. సముద్రపు జీవి కట్టుకున్న ఇల్లు, రాయిగా మారింది.

విశ్వవిద్యాలయంలో శిలాజాల పాఠం చెప్పి రిటైరైన నా సహాధ్యాయి సూర్యానికి ఫొటోలు పంపి ఫోన్ చేశాను.

"గదుల గోడలు చూడు," అన్నాడు. "చిన్న చిన్న చిల్లులు వరసగా ఉన్నాయా?"

భూతద్దం పెట్టాను. ఉన్నాయి. ప్రతి గోడకూ సూదిమొనంత కిటికీలు, ఒక గదిలోంచి పక్క గదిలోకి.

"అయితే తేనెపట్టు పగడమే. సుమారు నలభై కోట్ల ఏళ్ళది. గోదావరి పారే నేలలో ఎక్కడా ఇది లేదురా. ఉత్తరాన చలిదేశాల తీరాల్లో, మంచు ఈడ్చి పోసిన గులకరాళ్ళలో దొరుకుతుంది. నీకెక్కడ దొరికింది?"

"ఉప్పుచేపల తొట్టి మీద."

సూర్యం ఇంకోసారి అడిగి అదే జవాబు విన్నాడు. తరవాత, "దాన్ని వదలకు. నేను వస్తున్నాను," అన్నాడు.

ఫోను పెట్టేశాక లెక్క కుదిరింది. పూర్వం మన బట్టల కోసం వచ్చిన ఓడలు ఖాళీగా వస్తే అలలకు తిరగబడతాయని, అడుగున తమ తీరపు రాళ్ళు పోసుకొచ్చేవి. ఇక్కడ సరుకు ఎక్కించేముందు రాళ్ళను నది మొగ దగ్గర దింపేసేవి. ఆ గుట్ట అదే. మన దగ్గర కాల్చని ఆ పసుపు ఇటుక ముక్క కూడా అదే చెబుతోంది. సాక్ష్యం అంతవరకే. ఏ ఓడ, ఏ ఏడు అన్నది నాకు తెలియదు, తెలిసినట్టు ఎవరైనా చెబితే నమ్మకండి.

పంచాయితీ

శనివారం వెళ్ళాను. అరుగు మీద చిట్టెమ్మగారు, సత్తిబాబు, బోటు సరంగు ఉన్నారు. నూకరత్నం చూరు కిందే నిలబడింది.

"చిట్టెమ్మగారూ, ఆవేళ నేను తప్పు చెప్పాను. ఇది ఎగువనుంచి రాలేదు. గోదావరి ఇంత రాయిని ఇంత దూరం తేలేదు."

"మరి ఆవేళ మీకు తెలవదాండి ఆ సంగతి?"

"తెలుసు. గీతలు చూసి మర్చిపోయాను."

"చదువుకున్నోళ్ళకి మర్చిపోడానికైనా ఏదో ఒకటుంటాదండి," అన్నాడు సరంగు. నాకు తగిన మాటే.

ఓడల సంగతి చెప్పాను. చిట్టెమ్మగారు ఆఖరిదాకా విని అడిగింది.

"ఓడలోంచి రాళ్ళు ఎవరు దింపేరండి?"

"రాసిపెట్టినవాళ్ళు లేరు. మొగ దగ్గర పడవలున్నవాళ్ళే అయ్యుంటారు."

"అంటే మావోళ్ళే."

"అయ్యుండొచ్చు."

"మరైతే ఇది మా కోడలి వెంట రాలేదు," అంది ఆవిడ, కోడలివైపు చూడకుండా.

"మీరు పుట్టకముందునుంచీ ఇక్కడే ఉంది. మీ మట్టిలోనే."

ఆవిడ రాయి ఉన్న సంచివైపు ఒకసారి చూసింది. తరవాత అడిగింది, నేను బస్సులో దారి పొడుగునా భయపడిన ప్రశ్న.

"మరి దీని పుట్టిల్లేదండి?"

"ఒక వెచ్చటి సముద్రంలో పుట్టింది. ఆ సముద్రం ఇప్పుడు లేదు. అది పోయాక ఆ నేల మంచులో మునిగింది. ఆ మంచూ పోయింది. ఈ గదుల్లో ఒక్కోదాంట్లో ఒక్కో చిన్న ప్రాణి ఉండేది. గదికీ గదికీ కిటికీలున్నాయి. వాళ్ళంతా పోయారు, ఇల్లు మిగిలింది."

సరంగు భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వాతావరణం తేలికపరుద్దామని, "ఉప్పంతా కడిగేశాను, ఇక వెంట్రుకలు రావు," అంటూ సంచిలోంచి రాయి తీసి అరుగు మీద పెట్టాను.

మధ్య గదిలోంచి ఒకే ఒక్క తెల్లటి వెంట్రుక నిలబడి ఉంది.

"లోపలి గదుల్లో కొంచెం ఉప్పు మిగిలుంటుంది," అన్నాను. భూతద్దం కోసం జేబు తడుముకున్నాను.

"మిగిలినోళ్ళున్నారన్నమాట," అంది చిట్టెమ్మగారు.

సూర్యం మాట గుర్తొచ్చి ఒక్కసారి అడిగి చూశాను. రాయిని నేను తీసుకెళ్తానన్నాను.

"ఎక్కడ పెడతారండి?"

"అద్దాల బీరువాలో, పది మందీ చూసేలా."

"దానికి దాహమెయ్యదాండి?"

రాయివైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నేను తీసుకెళ్తే రాయి ఇల్లు వదిలినట్టే గాని, సాగనంపినట్టు కాదు. సత్తిబాబును బోటెక్కించరు. నింద మళ్ళీ ఆమె మీదికే వస్తుంది. ఊరుకున్నాను. సూర్యం వచ్చేసరికి రాయి లేదు, తరవాత ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. పిల్లలూ, శాస్త్రానికి నేను చేసిన నష్టం నిజమే. మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు.

"సముద్రంలో పుట్టింది, సముద్రం మీదే వచ్చింది. సముద్రానికే ఇచ్చేద్దారి," అంది చిట్టెమ్మగారు.

"వేటబోటు మీద ఎక్కించనండి," అన్నాడు సరంగు.

"మన చిన్న నావ ఉంది కదా," అని సత్తిబాబు రాయి కోసం చెయ్యి చాచాడు. చూరు కిందనుంచి నూకరత్నం వచ్చి, అతనికన్నా ముందు రాయిని ఎత్తుకుంది.

"నేను తెచ్చేను. నేనే దింపుతాను."

వాళ్ళలో ఆడవాళ్ళు నావ ఎక్కి మొగ దాకా వెళ్ళరు. సరంగు పెద్దావిడవైపు చూశాడు. పెద్దావిడ మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది.

"అది ఎక్కితే నేనూ ఎక్కుతాను. దోషం ఎవరివల్ల వచ్చిందో సముద్రమే తేల్చుకుంటాది."

ఆ తరవాత

నన్ను నావలోకి రమ్మనలేదు. మర్నాడు పొద్దున్న వాళ్ళు వెళ్ళారనీ, నిషేధం ఎత్తిన రోజు సత్తిబాబు బోటు మీదే ఉన్నాడనీ తరవాత తెలిసింది. నా దగ్గర మిగిలినవి ఫొటోలు, కొలతలు, ఇటుక ముక్క.

రెండు నెలలయ్యాక, సఖినేటిపల్లి రేవులో నర్సాపురం వైపు గోదావరి దాటించే పంటు కోసం నిలబడి ఉంటే నూకరత్నం కనిపించింది. ఎండుచేపల గంప దించి, పలకరించింది. నేను ఆగలేక అడిగాను.

"రాయి మునిగేటప్పుడు బుడగలు వచ్చాయా?"

"ఆయ్. చాలా వచ్చేయండి. ఒక్కో గదీ ఖాళీ చేసినట్టు."

"గదుల్లో గాలి ఉంటుందమ్మా. ఒక నిమిషం వచ్చి ఆగిపోతాయి."

"ఆగలేదండి. నావ తిప్పేసినా మా పక్కనే వచ్చేయండి."

అది జరగదు. రాయి అడుక్కి పోయాక బుడగలు నావ వెంట రావు. ఆ మాటే అన్నాను.

"మరి ఎంతసేపు వచ్చాయి? నిమిషమా, రెండా?"

ఆమె గంప మీది గోనె సర్దుకుంది.

"గడియారం చూడలేదండి. మొదటి బుడగ లేవగానే మా అత్తగారు నా చెయ్యి పట్టేసుకున్నారు. ఆవిడ వదిలేదాకా వచ్చేయండి."

"ఆవిడ ఎప్పుడు వదిలారు?"

"ఇంటికొచ్చి, లోపలి పొయ్యి ముట్టించమన్నప్పుడండి."